కాపలా తోకవైపు, దాడి కడుపు కింద: 1943–44 బాంబర్ రాత్రుల చిక్కుముడి

రెండో ప్రపంచ యుద్ధంలో రాత్రిపూట జర్మనీ మీద బాంబులు వేసి క్షేమంగా తిరిగొచ్చిన బ్రిటిష్ విమాన సిబ్బంది, దారిలో శత్రు ఫైటర్ ఎదురైందని చెప్పినప్పుడల్లా దాదాపు ఒకే కథ చెప్పేవారు. ఫైటర్ వెనకనుంచి వచ్చింది, తోక గన్నర్ దాన్ని చూసి కేకేశాడు, పైలట్ విమానాన్ని ఒక్కసారిగా పక్కకు దించాడు, తప్పించుకున్నాం అనేవారు. అవే రాత్రుల గురించి జర్మన్ పైలట్లు చెప్పిన కథ వేరు. బాంబర్ కిందికి చేరి, దానితో సమానంగా ఎగురుతూ, నిట్టనిలువుగా పైకి కాల్చామనీ, అందులో ఉన్నవాళ్లకు తాము అక్కడున్న సంగతే తెలియదనీ వాళ్లు చెప్పారు. ఈ రెండు కథలూ నిజమే. కాకపోతే మొదటిది బతికి వచ్చినవాళ్లు చెప్పింది, రెండో రకం దాడికి గురైనవాళ్లలో చాలామంది ఏమీ చెప్పడానికి మిగల్లేదు. 1943 మధ్యనుంచి దాదాపు ఏడాదిపాటు బ్రిటిష్ బాంబర్ కమాండ్ తన విమానాలు ఎలా కూలిపోతున్నాయో సరిగ్గా పోల్చుకోలేకపోయిందంటే, దానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. రాత్రి గగనంలో ఒక బాంబరూ ఒక ఫైటరూ తారసపడినప్పుడు అసలేం జరిగేదో విడమరిచి చూస్తే తప్ప ఈ సంగతి బోధపడదు.

బ్రిటన్ రాత్రిని మొదట్లో తనంతట తానుగా కోరుకోలేదు. యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబర్ 4న, విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గరి జర్మన్ యుద్ధనౌకల మీద పట్టపగలు దాడి చేసిన విమానాల్లో 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్‌లు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం చివర ఈ దళానికి విమానాలను నిజాం తన ఖర్చుతో సమకూర్చాడు, అందువల్ల దాని పేరులో హైదరాబాద్ అనే మాట చేరి అలాగే నిలిచిపోయింది. ఆ తొలి దాడిలోనే నష్టాలు ఎక్కువగా ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్ 18న హెలిగోలండ్ సమీపానికి వెళ్లిన 22 వెల్లింగ్టన్ బాంబర్లలో 12 తిరిగి రాలేదు. తీరంలో ఉన్న ఫ్రేయా రాడార్ వాటిని దూరంనుంచే పసిగట్టింది, తోడుగా ఫైటర్లు లేని బాంబర్లు పగటి వెలుగులో తమను తాము కాపాడుకోలేవని ఆ ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది. దాంతో బ్రిటన్ చీకటిని ఆశ్రయించింది. చీకటి బాంబర్‌ను దాచింది గానీ లక్ష్యాన్ని కూడా దాచేసింది. దాడి చేశామని చెప్పిన విమానాల్లో మూడింట ఒక వంతు మాత్రమే లక్ష్యానికి అయిదు మైళ్ల లోపలికి చేరుకున్నాయని 1941 ఆగస్టులో వచ్చిన బట్ నివేదిక లెక్కగట్టింది. ఒక ఊరిలోని కర్మాగారాన్ని కొట్టలేనప్పుడు ఊరినే లక్ష్యంగా పెట్టుకోవాలన్న నిర్ణయానికి ఇదొక మెట్టు. ఆ నిర్ణయం జర్మన్ నగరాల్లోని సామాన్యుల మీద తెచ్చిపెట్టిన చావును మరచిపోయి గగనంలోని సాహసం గురించి మాత్రమే మాట్లాడటం అన్యాయం. 1943 జూలై చివర హాంబుర్గ్ మీద జరిగిన వరుస దాడుల్లోనే ముప్పై వేలకు పైగా పౌరులు చనిపోయారు. చీకట్లో ఈ బాంబర్ల కోసం వెతికిన జర్మన్ పైలట్లు కింద కాలుతున్న తమ ఊళ్లను చూస్తూనే వెతికారు.

లాంకాస్టర్ బాంబర్‌లో ఏడుగురు ఉండేవారు. పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్, వీపు మీది టరెట్‌లో, అంటే తుపాకులు బిగించి అటూ ఇటూ తిరిగే గూటిలో ఒక గన్నర్, తోకలో ఇంకొకరు. ముక్కులో రెండు, వీపు మీద రెండు, తోకలో నాలుగు, మొత్తం ఎనిమిది బ్రౌనింగ్ మెషిన్‌గన్లు. ఈ లెక్క వింటే ఎగిరే కోటలా అనిపిస్తుంది గానీ అవి 0.303 అంగుళాల గన్లు, అంటే పదాతిదళ రైఫిల్‌లో వాడే తూటానే కాల్చేవి. ఎదురొచ్చే జర్మన్ ఫైటర్‌లో ఉన్నది పేలుడు పదార్థం నింపిన 20 మిల్లీమీటర్ల గుండ్లు కాల్చే ఫిరంగి. బాంబర్ గన్నర్ తూటా పనికొచ్చే దూరానికి బాగా అవతలనుంచే ఫైటర్ కాల్పులు మొదలుపెట్టగలదు. అందుకే గన్నర్ అసలు బలం అతని తుపాకి కాదు, అతని కళ్లు. శత్రువు తమను గమనించలేదని తెలిస్తే కాల్చకుండా ఊరుకోమనే చాలామంది పైలట్లు గన్నర్లకు చెప్పేవారు, ఎందుకంటే తుపాకి మొనల దగ్గరి మంట చీకట్లో విమానం జాడను తానే చాటుతుంది.

ఆ కళ్ల పని ఎంత కష్టమో కొంచెం ఆగి చూడాలి. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క సెర్చ్‌లైట్ వెలుగు తగిలితే ఆ అలవాటంతా పోతుంది. చీకట్లో చూపు నేరుగా నిలిపిన చోట కన్ను సరిగా పనిచేయదు, కొద్దిగా పక్కకు చూస్తేనే మసక వస్తువు తెలుస్తుంది. అందువల్ల గన్నర్లకు ఆకాశాన్ని ముక్కలుగా విడదీసి, ఎక్కడా చూపు నిలపకుండా నెమ్మదిగా తిప్పుతూ వెతకడం నేర్పేవారు. టరెట్‌కు బిగించిన ప్లెక్సీగ్లాస్ అనే పారదర్శక ప్లాస్టిక్ పలక మీద ఒక గీతో, నూనె మరకో ఉంటే అదే దూరాన ఫైటర్‌లా భ్రమ పెట్టేది. ఆ బాధ పడలేక చాలామంది తోక గన్నర్లు తమ ముందున్న పలకను పూర్తిగా తీయించేసుకుని, సున్నాకు నలభై డిగ్రీల దిగువన ఉన్న గాలిని ముఖానికి తగలనిస్తూ ఆరేడు గంటలు కూర్చునేవారు. ఒంటికి కరెంటుతో వేడెక్కే సూట్ ఉండేది, దాని తీగ ఒకటి తెగితే వేళ్లు గడ్డకట్టేవి. ఇంత చేసినా చీకటి రాత్రి ఫైటర్ కనబడేది కొన్ని వందల గజాల దూరంలోనే, అంటే చివరి క్షణాల్లోనే.

అంత విశాలమైన ఆకాశంలో ఫైటర్ ఆ కొన్ని వందల గజాల దగ్గరికి ఎలా వచ్చేది? ఇక్కడ పైలట్ నైపుణ్యం కన్నా నేలమీది ఏర్పాటుదే పెద్ద పాత్ర. యోసెఫ్ కమ్‌హూబర్ అనే జర్మన్ జనరల్ ఉత్తర సముద్ర తీరంనుంచి కిందిదాకా ఆకాశాన్ని గళ్లుగా విభజించాడు. ఒక్కో గడిలో దూరంనుంచి పసిగట్టడానికి ఒక ఫ్రేయా రాడార్, కచ్చితంగా వెంబడించడానికి రెండు వ్యూర్ట్స్‌బుర్గ్ రాడార్లు ఉండేవి. ఒకటి బాంబర్‌ను పట్టుకుంటే రెండోది తమ ఫైటర్‌నే పట్టుకునేది. కింద గదిలో కూర్చున్న అధికారి ఆ రెండు చుక్కలను దగ్గర చేస్తూ రేడియోలో దారి చెప్పేవాడు. చివరి మూడు నాలుగు కిలోమీటర్లు ఫైటర్ తన ముక్కుమీది లిష్టెన్‌స్టైన్ రాడార్‌తో సొంతంగా వెళ్లేది. ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. ఒక గడి ఒకసారి ఒక్క ఫైటర్‌నే నడిపించగలదు. బ్రిటిష్ వారు ఈ లోపాన్ని కనిపెట్టి, 1942 మే 30 రాత్రి కొలోన్ మీదికి వెయ్యికి పైగా విమానాలను ఒకే దారిలో ఇరుకుగా, తక్కువ సమయంలో పంపారు. గడిలోంచి వందల విమానాలు దాటిపోతుంటే అది ఒకటి రెండింటిని మాత్రమే పట్టగలిగింది. బాంబర్ స్ట్రీమ్ అనే ఈ పద్ధతి అప్పటినుంచి యుద్ధం ముగిసేదాకా కొనసాగింది.

1943 జూలై 24 రాత్రి హాంబుర్గ్ దాడిలో బ్రిటన్ ఇంకొక దెబ్బ తీసింది. జోన్ కరన్ అనే శాస్త్రవేత్త రూపుదిద్దిన అల్యూమినియం పూతవేసిన కాగితపు పట్టీలను ‘విండో’ అనే రహస్య పేరుతో గుట్టలుగా విమానాలనుంచి జారవిడిచారు. సుమారు 27 సెంటీమీటర్ల ఆ పట్టీల పొడవు జర్మన్ రాడార్ తరంగదైర్ఘ్యంలో సగానికి దగ్గరగా ఉండటంతో ఒక్కో కట్ట ఒక్కో విమానంలా తెరమీద మెరిసింది. ఆ రాత్రి వెళ్లిన 791 విమానాల్లో పోయినవి 12 మాత్రమే. ఈ కిటుకు రెండు పక్షాలకూ ముందే తెలుసు, అవతలివాడు నేర్చుకుంటాడన్న భయంతో రెండు పక్షాలూ వాడకుండా దాచుకున్నాయి. దీన్ని నేను ఈ యుద్ధంలోని విషాదకరమైన సంగతుల్లో ఒకటిగా చూస్తాను, ఏడాది ముందే వాడి ఉంటే ఎన్ని వందల మంది బతికి ఉండేవారోనన్న ప్రశ్న అప్పట్లోనే చాలామందిని వేధించింది.

అయితే విండో వల్ల జర్మన్ రక్షణ కూలిపోలేదు, రూపు మార్చుకుంది. గళ్ల పద్ధతిని వదిలి, హాయో హెర్మాన్ ఆలోచన ప్రకారం ఒంటి ఇంజన్ ఫైటర్లను కాలుతున్న ఊరిపైకే పంపి, మంటల వెలుగులో కంటితో వెతికించారు. మరోవైపు రెండు ఇంజన్ల ఫైటర్లకు బాంబర్ల గుంపు ఎక్కడుందో, ఎటు పోతోందో నేలమీదనుంచి రేడియోలో వ్యాఖ్యానంలా చెబుతూ, వాటిని ఆ ప్రవాహంలోకే చొప్పించడం మొదలుపెట్టారు. 1943 చివరికల్లా ఎస్ఎన్-2 అనే కొత్త రాడార్ వచ్చింది. దాని తరంగదైర్ఘ్యం చాలా ఎక్కువ కాబట్టి పాత కొలతలో కత్తిరించిన పట్టీలు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. బ్రిటిష్ వారు ఊరుకోలేదు. జర్మన్ భాష వచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఫైటర్లకు రేడియోలో తప్పుడు ఆదేశాలు ఇప్పించారు. 101వ స్క్వాడ్రన్ లాంకాస్టర్లలో ఎనిమిదో మనిషిగా అలాంటి ఒకరిని ఎక్కించి, జర్మన్ రేడియో సంభాషణను వెతికి పట్టుకుని దాని మీద రొద నింపే పని అప్పగించారు. బాంబర్‌నూ ఫైటర్‌నూ కలిపే ఈ దారి పొడవునా జరిగిన పోరాటమంతా రేడియో తరంగాలదే.

ఇక ఆ చివరి అర కిలోమీటరు. తోక గన్నర్ నీడలాంటిదేదో చూశాడనుకుందాం. అతను ఇంటర్‌కమ్‌లో కార్క్‌స్క్రూ అనే మాటా, ఫైటర్ ఏ పక్కనుంచి వస్తోందో ఆ పక్క పేరూ అరుస్తాడు, ప్రశ్నలూ జవాబులూ ఉండవు. పైలట్ వెంటనే విమానాన్ని ఫైటర్ వస్తున్న పక్కకే వాల్చి, తిప్పుతూ సుమారు వెయ్యి అడుగుల మేర కిందికి దించుతాడు. తర్వాత అటే తిరుగుతూ పైకి లేపి, సగంలో రెండో పక్కకు వాల్చి, పై ఎత్తుకు చేరి, మళ్లీ దించుతాడు. పారిపోతున్నట్టు కనబడినా విమానం మొత్తం మీద తన దారిలోనే ముందుకు పోతుంటుంది. ఇందులోని సూక్ష్మం ఏమిటంటే ఫైటర్ పైలట్ తన గుండును బాంబర్ ఇప్పుడున్న చోటికి కాక, గుండు చేరే సమయానికి అది ఉండబోయే చోటికి కాల్చాలి. బాంబర్ ప్రతి కొన్ని సెకన్లకూ దిశ, ఎత్తు, వేగం మూడూ మార్చుకుంటుంటే ఆ లెక్క ఎప్పటికప్పుడు చెడిపోతుంది. నాలుగు ఇంజన్ల బరువైన విమానాన్ని కేవలం చేతి బలంతో ఇలా మెలికలు తిప్పుతుంటే శీతాకాలంలోనూ పైలట్‌కు చెమటలు పట్టేవి, నావిగేటర్ బల్లమీది పటాలూ పెన్సిళ్లూ లేచి కప్పుకు తగిలేవి. గన్నర్ ముందుగా చూసి, పైలట్ ముందుగా కదిలితే బాంబర్‌కు బతికే అవకాశం బాగానే ఉండేది. గన్నర్ మెలకువగా ఉన్నాడని తెలిసిన బాంబర్‌ను వదిలి, ఏమీ తెలియకుండా తిన్నగా పోతున్న ఇంకొకదాన్ని వెతుక్కోవడమే ఫైటర్‌కు సులువు.

కనబడిన దాడి ఎలా ఉంటుందో చెప్పడానికి 61వ స్క్వాడ్రన్ పైలట్ విలియం రీడ్ అనుభవం చాలు. 1943 నవంబర్ 3 రాత్రి డ్యూసెల్‌డార్ఫ్ వెళ్తూ హాలండ్ తీరం దాటగానే ఒక మెసర్‌ష్మిట్ 110 అతని లాంకాస్టర్ మీద కాల్పులు జరిపింది. అద్దం పగిలి అతని తలకూ భుజాలకూ చేతులకూ గాయాలయ్యాయి. తోక గన్నర్ ముందే ఎందుకు హెచ్చరించలేదంటే, అతని సూట్‌ను వేడిచేసే కరెంటు వలయం చెడిపోయి, చేతులు కొయ్యబారి, మైక్రోఫోన్ మీట నొక్కలేకపోయాడు, ట్రిగ్గర్ కూడా వెంటనే నొక్కలేకపోయాడు. కాసేపటికి ఎలాగో కాల్చి ఫైటర్‌ను తరిమాడు. ఇంటర్‌కమ్, దిక్సూచులు పనిచేయడం మానేశాయి. సిబ్బంది క్షేమమని తెలుసుకున్న రీడ్ తన గాయాల సంగతి ఎవరికీ చెప్పకుండా ముందుకే సాగాడు. కొద్దిసేపట్లో ఒక ఫోకెవుల్ఫ్ 190 ఈ చివరనుంచి ఆ చివరిదాకా విమానాన్ని తూట్లు పొడిచింది. నావిగేటర్ అక్కడికక్కడే చనిపోయాడు, వైర్‌లెస్ ఆపరేటర్‌కు తగిలిన గాయాలు తర్వాత ప్రాణం తీశాయి, ఆక్సిజన్ ఏర్పాటు పోయింది. ముంజేతికి దెబ్బ తగిలిన ఫ్లైట్ ఇంజనీర్ చిన్న సిలిండర్లనుంచి పైలట్‌కు ఆక్సిజన్ అందిస్తూ నిలబడ్డాడు. ముందే దారిని కంఠస్థం చేసి ఉన్న రీడ్ మరో యాభై నిమిషాలు ఎగిరి లక్ష్యం చేరాడు. ముక్కులో పడుకుని ఉన్న బాంబ్ ఎయిమర్‌కు, ఇంటర్‌కమ్ తెగిపోవడంతో, వెనక ఇద్దరు నేలకొరిగారనీ పైలట్ రక్తమోడుతున్నాడనీ తెలియనే లేదు, అంత మామూలుగా సాగింది ప్రయాణం. ధ్రువ నక్షత్రాన్నీ చంద్రుణ్నీ చూస్తూ తిరుగుదారి పట్టి, మధ్యలో స్పృహ తప్పుతూ, ఇంజనీరూ బాంబ్ ఎయిమరూ పట్టుకుని నడిపించగా ఇంగ్లండ్ చేరి, కళ్లలోకి రక్తం కారుతుండగా పొగమంచులో దిగాడు. అతనికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకమైన విక్టోరియా క్రాస్ ఇచ్చారు. రెండో దాడి తర్వాతైనా ఎందుకు వెనుదిరగలేదంటే, తన వెనకే చీకట్లో వస్తున్న వందల బాంబర్లకు ఎదురు వెళ్లడం అంతకంటే ప్రమాదమని అతను భావించాడు. ధైర్యం అన్న ఒక్క మాటతో ఈ సంఘటనను ముగించేవారు ఆ లెక్కను గమనించరు.

రీడ్ తన కథ చెప్పగలిగాడు, ఎందుకంటే అతని మీద దాడి చేసినవాళ్లు విమానం మీదికి నేరుగా, పాత పద్ధతిలో కాల్చారు. అప్పటికే జర్మన్లలో కొందరు వేరే దారి పట్టారు. రుడోల్ఫ్ షోనెర్ట్ అనే పైలట్ తన ఫైటర్ కాక్‌పిట్ వెనక రెండు ఫిరంగులను దాదాపు నిలువుగా, అరవై డెబ్బై డిగ్రీల వాలులో బిగించి ప్రయోగాలు చేసి, 1943 మేలో వాటితో మొదటి బాంబర్‌ను కూల్చాడు. పౌల్ మాలె అనే ఆయుధ మెకానిక్ ఆ అమరికను చేతికందిన సామానుతో తయారుచేసి దళాలకు అందించాడు. ష్రేగె మూజీక్ అని జర్మన్లు పిలిచిన ఈ ఏర్పాటు ఎందుకంత ప్రాణాంతకమైందో తెలియాలంటే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. లాంకాస్టర్ కింద టరెట్ లేదు. మొదట్లో కొన్నిటికి ఉన్నా తీసేశారు, తర్వాత ఆ చోటును నేలను చూపే హెచ్2ఎస్ రాడార్ డోమ్ ఆక్రమించింది. రెండోది వెలుగు సంగతి. వెన్నెల లేని రాత్రి కూడా మన పెరట్లో నిలబడి తలెత్తితే కొబ్బరిమట్టలు ఆకాశం మీద నల్లగా తెలుస్తాయి, అదే మిద్దె మీదనుంచి కిందికి చూస్తే పెరట్లో మనిషి నిలబడ్డా తెలియదు. ఫైటర్ పైలట్‌కు బాంబర్ రెక్కలూ ఇంజన్ల ఎర్రటి పొగగొట్టాలూ కనబడుతుంటాయి, బాంబర్‌లోని ఏడుగురికీ కింద ఉన్నది నల్లటి నేల మాత్రమే.

ఫైటర్ పైలట్ మెల్లగా బాంబర్ కిందికి చేరి, వేగం సమానం చేసుకుని, నెత్తిమీది అద్దంలో అమర్చిన గురిసాధనంలో చూస్తూ పైకి లేస్తాడు. అరవై డెబ్బై మీటర్ల దూరంలో, ముప్పై మీటర్ల రెక్కలున్న విమానం ఆకాశాన్ని కప్పేసి ఉంటుంది. మధ్యభాగంలో కాల్చడు, అక్కడ టన్నుల కొద్దీ బాంబులున్నాయి, అవి పేలితే తానూ పోతాడు. రెండు ఇంజన్ల మధ్య రెక్కలో కాలుస్తాడు. లాంకాస్టర్ రెక్కల్లో దాదాపు 9,800 లీటర్ల పెట్రోలు పడుతుంది. ఒకటి రెండు సెకన్ల కాల్పులు చాలు, రెక్క అంటుకుంటుంది, అతను పక్కకు తప్పుకుంటాడు. గుండ్ల వెనక వెలుగు గీతలు ఉండకుండా చూసేవారు కాబట్టి చుట్టుపక్కల బాంబర్లకు కూడా ఏం జరిగిందో కనబడేది కాదు. కార్క్‌స్క్రూ, గన్నర్ల ఓపిక, పైలట్ కండబలం ఇవేవీ ఇక్కడ పనికిరావు, వాటిని ప్రయోగించాలన్న సంకేతమే రాదు. 1943 ఆగస్టు 17 రాత్రి పీనెమ్యుండె రాకెట్ కేంద్రం మీద దాడికి వెళ్లిన 596 విమానాల్లో 40 పోయాయి. ఆ రాత్రి ఈ ఆయుధమున్న రెండు మెసర్‌ష్మిట్‌లే ఆరింటిని కూల్చాయని చెబుతారు.

ఇంత జరుగుతున్నా ఇంగ్లండ్‌లో ఎందుకు తెలియలేదన్నదే అసలు ముడి. తిరిగొచ్చిన సిబ్బందిని ప్రతి ఉదయం ఇంటెలిజెన్స్ అధికారులు కూర్చోబెట్టి ప్రశ్నించేవారు, ఆ నివేదికలనే గణాంక నిపుణులు విశ్లేషించేవారు. దాడులు ఏ దిశనుంచి వస్తున్నాయని లెక్కవేస్తే వెనకనుంచీ వెనక దిగువనుంచీ అని తేలేది, ఎందుకంటే కనబడి, తప్పించుకోగలిగిన దాడులే ఆ లెక్కలోకి వచ్చాయి. పక్కన ఎగురుతున్న విమానం ఏ కాల్పుల వెలుగూ లేకుండా హఠాత్తుగా మంటల ముద్దయిపోవడం చూసినవాళ్లు ఆ సంగతి చెప్పారు కూడా. అయితే జర్మన్లు పేలుతున్న బాంబర్‌ను తలపించే స్కేర్‌క్రో షెల్స్ అనే ప్రత్యేక గుండ్లు కాల్చి భయపెడుతున్నారన్న నమ్మకం స్క్వాడ్రన్లలో పాకింది. అలాంటి గుండ్లు ఎప్పుడూ లేవు, వాళ్లు చూసింది తోటి సిబ్బంది చావునే. ఆ నమ్మకాన్ని గట్టిగా ఖండించకుండా వదిలేయడం పైవారికి మనోస్థైర్యం దృష్ట్యా సౌకర్యంగా అనిపించి ఉండవచ్చు. కానీ దానివల్ల కళ్లెదుట ఉన్న సాక్ష్యమే కొట్టివేతకు గురైంది.

ఫ్రీమన్ డైసన్ అప్పుడు పందొమ్మిదేళ్ల యువకుడు, తర్వాత ప్రపంచ ప్రఖ్యాత భౌతికశాస్త్రవేత్త. 1943 జూలైనుంచి బాంబర్ కమాండ్ పరిశోధన విభాగంలో పనిచేశాడు. ముప్పై దాడులు పూర్తిచేస్తే సిబ్బందికి విరామం దొరికేది, మొదటి కొన్ని దాడులు గట్టెక్కితే అనుభవం కాపాడుతుందని వాళ్లకు చెప్పేవారు. డైసన్ లెక్కలు తీస్తే 1944 నాటికి అనుభవమున్నవారూ కొత్తవారూ దాదాపు ఒకే నిష్పత్తిలో చనిపోతున్నారని తేలింది. చావు ఎటునుంచి వస్తోందో చూడగలిగితేనే అనుభవం పనికొస్తుంది, కింద నుంచి వచ్చే దాడిని ఎవరూ చూడటం లేదు. ఈ వివరణ తనకు అప్పుడే తట్టి ఉండాల్సిందని ఆయన తర్వాతి కాలంలో బాధపడ్డాడు. ఒక్కో దాడికి నూటికి నాలుగు విమానాలు పోతుంటే ముప్పై దాడులూ పూర్తిచేసే అవకాశం నూటికి ముప్పై కూడా ఉండదు. చదువుకున్న ఆ కుర్రాళ్లకు ఈ గుణకారం తెలియదనుకోవడం పొరపాటు.

సాయంగా ఇచ్చిన పరికరాల్లో కొన్ని హాని కూడా చేశాయి. తోకలో అమర్చిన మోనికా అనే చిన్న రాడార్ వెనక ఏదైనా విమానం వస్తే చెవిలో టిక్కుటిక్కుమనేది. ఏడు వందల బాంబర్లు ఒకే ప్రవాహంలో పోతున్నప్పుడు అది తోటి విమానాలకే ఎక్కువగా మోగేది. అంతకన్నా ఘోరం, ఆ తరంగాలను పట్టుకునే ఫ్లెన్స్‌బుర్గ్ అనే రిసీవర్‌ను జర్మన్లు ఫైటర్లకు బిగించారు. హెచ్2ఎస్ తరంగాలకు నాక్సోస్ అనే మరొకటి ఉంది. కాపాడుతుందని నమ్మి మీట వేసి ఉంచిన పరికరమే వేటగాడికి దారిచూపింది. 1944 జూలై 13 తెల్లవారుజామున ఒక జర్మన్ యుంకర్స్ 88 దిక్కు తప్పి, తమ నేలే అనుకుని ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్‌లో దిగడంతో ఎస్ఎన్-2 రాడార్, ఫ్లెన్స్‌బుర్గ్ రెండూ ఒకేసారి చేతికి చిక్కాయి. మోనికాను తీసేశారు, ఎస్ఎన్-2కు సరిపడే పొడవైన విండోను వదలడం మొదలుపెట్టారు.

దానికి మూడున్నర నెలల ముందే అతిపెద్ద నష్టం జరిగిపోయింది. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్‌కు బయల్దేరిన 795 విమానాల్లో 95 తిరిగి రాలేదు. వెన్నెల ఉంది, ఇంజన్ల వెనక తెల్లటి ఆవిరి చారలు కట్టాయి, రెండు వందల మైళ్లకు పైగా మలుపు లేని దారి గీశారు. ఆ దారిలో ఫైటర్లు ముందే పోగై ఉన్నాయి. అదే రాత్రి సిరిల్ బార్టన్ అనే పైలట్ నడిపిన హాలిఫాక్స్ రకం బాంబర్‌లో ఇంటర్‌కమ్ తెగిపోవడంతో సంకేతాన్ని అపార్థం చేసుకుని ముగ్గురు దూకేశారు. నావిగేటరూ వైర్‌లెస్ మనిషీ లేకుండానే అతను లక్ష్యం చేరి, ఇంగ్లండ్ దాకా వచ్చి, దిగేటప్పుడు ప్రాణం కోల్పోయాడు, మిగిలిన ముగ్గురూ బతికారు.

మంటలంటుకున్న లాంకాస్టర్‌నుంచి బయటపడటం ఎంత కష్టమో దాని ముక్కులోని తలుపు చెబుతుంది. అది 22 అంగుళాల వెడల్పే, దళసరి దుస్తులూ పారాచూటూ ఉన్న మనిషి ఊగిపోతున్న విమానంలో అందులోంచి దూరాలి. హాలిఫాక్స్‌లో రెండంగుళాలు ఎక్కువ ఉండేది, దానిలోంచి బయటపడ్డవారి నిష్పత్తి స్పష్టంగా ఎక్కువ. తోక గన్నర్ పరిస్థితి ఇంకా వేరు, టరెట్‌లో చోటు లేక అతని పారాచూట్ వెనక విమానంలో వేలాడుతుండేది. 1944 మార్చి 24 రాత్రి నికొలస్ ఆల్కిమేడ్ అనే గన్నర్ తలుపు తెరిచేసరికి అతని పారాచూట్ కాలిపోతోంది. కాలి చావడం కన్నా మేలనుకుని పద్దెనిమిది వేల అడుగులనుంచి పారాచూట్ లేకుండానే దూకాడు, పైన్ చెట్లూ మెత్తటి మంచూ అతన్ని బతికించాయి. పట్టుకున్న జర్మన్లు శకలాల్లో కాలిన పారాచూట్ చూశాకే నమ్మారు.

బాంబర్ కమాండ్‌లో పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది చనిపోయారు. టరెట్లను తీసేస్తే విమానం వేగం పెరుగుతుందనీ, గన్నర్లిద్దరి ప్రాణాలైనా దక్కుతాయనీ డైసన్, అతని సహచరులు వాదించారు, ఆ వాదన నెగ్గలేదు. పాత పద్ధతి దాడుల్లో గన్నర్ల కళ్లే విమానాలను కాపాడాయి కాబట్టి ఆ ప్రతిపాదనను నేను పూర్తిగా సమర్థించలేను. కానీ ఆ కళ్లలో ఒక జతనైనా కిందివైపు పెట్టి ఉండాల్సిందన్నదానిలో నాకు సందేహం లేదు. కొన్ని హాలిఫాక్స్‌లకు కడుపు కింద 0.50 అంగుళాల తుపాకి ఒకటి, దాని వెనక ఒక గన్నర్‌ను పెట్టారు. హెచ్2ఎస్ సెట్లు అందినకొద్దీ వాటిలోనూ చాలావరకు ఆ చోటు రాడార్‌కే పోయింది.